అడుగంటలేదు, మాడలేదు: ఒక నల్ల బీరుపై ధర్మాసనం తీర్పు

గోదావరి డెల్టాలో పుట్టినవాడి నాలుకకు ఎవరూ పాఠాలు చెప్పనక్కర్లేదు. పులస ఏటికి ఎదురీది వచ్చిందా, ఇంకా సముద్రం వదలలేదా అన్నది మొదటి ముక్కకే తేల్చేస్తాం. పూతరేకులోని నెయ్యి ఆవుదో గేదెదో చెబుతాం. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి లోపలి సంగతి కనిపెడతాం. ఇంతటి విద్య ఉన్న జాతి బీరు దగ్గరికి వచ్చేసరికి రెండే ప్రశ్నలు వేస్తుంది: చల్లగా ఉందా? స్ట్రాంగేనా? రెండింటికీ అవునని జవాబు వస్తే రసాస్వాదన అక్కడితో సమాప్తం.

ఈ మచ్చ తుడిచేయాలన్న సంకల్పంతో మొన్నటి వేసవిలో, వైనతేయ పాయ ఒడ్డున ఉన్న మా ఇంటి అరుగు మీద ఒక ధర్మాసనం ఏర్పాటు చేశాను. ముద్దాయి జర్మనీ నుంచి వచ్చిన నల్ల బీరు. వాళ్ల భాషలో ష్వార్ట్స్‌బియర్ అంటారు, అర్థం కూడా నల్ల బీరనే. పేరు పెట్టడంలో జర్మన్లు మన ఎర్రచీమ, నల్లతుమ్మ వాళ్ల వంటివారే, కవిత్వం జోలికి పోరు. తెచ్చినవాడు మా మేనల్లుడు. థురింజియా రాష్ట్రంలోని యేనా నగరంలో ఉద్యోగం. ఈ నల్ల బీరుకు ఆ ప్రాంతమే పెట్టింది పేరు, అక్కడి బాడ్ కోస్ట్రిట్జ్ అనే ఊరి బీరు ప్రస్తావన 1543 నుంచే కనిపిస్తుంది. మావాడు తెచ్చింది మాత్రం అంత పెద్ద ఇంటి సరుకు కాదు, ఒక చిన్న బట్టీలో కొద్దికొద్దిగా కాచే క్రాఫ్ట్ బీరు. మనిషికి రెండు లీటర్లు దాటితే కస్టమ్స్ వారు ఊరుకోరు కనుక అరలీటరు సీసాలు సరిగ్గా నాలుగు తెచ్చాడు. వాటిని పంచెల్లో చుట్టాడు. వెళ్లేటప్పుడు అవే పంచెల్లో ఆవకాయ సీసాలు వెళ్లాయి. అందువల్ల మూత తీయకముందే నాకు ఆవపిండి ఘాటు తగిలింది. దాన్ని "సుగంధ ద్రవ్యాల ఛాయ" అని రాసుకున్నాను.

రాసుకోవడానికి పత్రం కూడా ఉంది. బీరుకు జడ్జీలను తయారుచేసే సంస్థ ఒకటి అమెరికాలో 1985 నుంచి ఉంది. పరీక్ష పెడుతుంది, పాసైతే జడ్జీ అంటుంది. మేనల్లుడు వారి పత్రాన్ని ముద్రించి తెచ్చాడు. మొత్తం 50 మార్కులు: వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి ఆనే తీరుకు 5, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 10. రూపానికి మూడే మార్కులన్న మాట చదివి చాలాసేపు ఆలోచనలో పడ్డాను. మన పెళ్లిచూపుల్లో ఆ మూడింటి దగ్గరే ఎన్ని సంబంధాలు తప్పిపోలేదు! జర్మనీ బీరును అమెరికా పత్రం మీద కోనసీమవాడు విచారించడం న్యాయమేనా అని ఎవరైనా అడగవచ్చు. ఇంగ్లీషు చట్టం పుస్తకాలతో మన గట్టు తగాదాలు తేల్చుకోవడం లేదా?

ధర్మాసనంలో నాతోపాటు ఇద్దరు. ఒకరు మా పొరుగాయన, అంబాజీపేటలో కొబ్బరి వర్తకం, సొంత తోట, తోటలో కొబ్బరి నీడన కోకో. రెండోవాడు మా బావమరిది, భీమవరం దగ్గర రొయ్యల చెరువులు. మేనల్లుడు గుమస్తా.

తొలి గండం చల్లదనం. ఈ బీరును ఏడెనిమిది డిగ్రీల దగ్గర తాగాలట, మరీ గడ్డకట్టిస్తే వాసనలు విచ్చుకోవట. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. బావమరిది వెనకాడలేదు. రొయ్యలు ఎగుమతికి పంపే థర్మాకోల్ పెట్టె బండిలోంచి దించి, అందులోని ఐసులో నాలుగు సీసాలూ పాతిపెట్టాడు. గంట తరువాత తీసిన సీసా చల్లగానే ఉంది. గుమస్తా గ్లాసు దగ్గర ముక్కు పెట్టి కళ్లు మూసుకుని, "వేగిన గింజ, వెనకాల ఏదో సముద్రపు గాలి" అన్నాడు. "గాలి కాదురా అబ్బాయ్, అది ముప్పై కౌంటు రొయ్య" అన్నాడు బావమరిది. సీసాను రెండుసార్లు సబ్బుతో కడిగాక విచారణ మళ్లీ మొదలైంది.

రెండో గండం స్టీలు గ్లాసులు. స్టీలు గ్లాసులో పోస్తే లోకంలోని ప్రతి బీరూ నల్ల బీరే. ఆ మూడు మార్కులకు న్యాయం జరగాలని వంటింట్లోంచి పాత హార్లిక్స్ సీసా ఒకటి తెప్పించాం. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే బీరు పూర్తిగా నలుపు కాదని తెలిసింది. మధ్యలో నేరేడుపండు రంగు, అంచుల్లో దానిమ్మగింజ ఎరుపు, పైన పాలమీగడ రంగు నురగ. రూపానికి మూడుకు మూడు వేశాం. ధర్మాసనం ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు అదొక్కటే.

ఈ నలుపు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. పూర్వం ఐరోపాలో చాలా బీర్లు కాస్తో కూస్తో ముదురు రంగువే. మొలకెత్తిన బార్లీని కట్టెల సెగ మీద ఆరబెట్టేవారు, రంగు వద్దన్నా వచ్చేది. సెగను అదుపులో పెట్టడం తెలిశాక లేత గింజ, లేత బీరు విరివిగా వచ్చాయి. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బొహీమియా ప్రాంతపు ప్ల్జెన్ నగరంలో 1842లో బంగారు రంగు బీరు దిగింది, లోకం దాని వెంట పరుగెత్తింది, నల్లది పల్లెటూరి సరుకైంది. ఇప్పుడు ఆ పల్లెటూరి సరుకే చేతితో గీసిన లేబులు తగిలించుకుని మూడింతల ధరకు తిరిగి వచ్చింది. మనకిది కొత్త కథ కాదు. దంపుడు బియ్యం తినేవాడిని పేదవాడన్నాం, మరబియ్యం తిని షుగరు తెచ్చుకున్నాం, ఇప్పుడు డాక్టరు చీటీ పట్టుకుని దంపుడు బియ్యం వెతుకుతున్నాం. తాటిబెల్లానికీ అదే గతి పట్టి, అదే వైభవం వచ్చింది.

రుచి విచారణకు ముందు గుమస్తా దోషాల జాబితా చదివాడు. వెన్న వాసన వస్తే దోషం. ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే దోషం. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే దోషం, అంటే సరుకు గాలి తగిలి ముసలిదైందని అర్థం. మూడోదానితో నాకు పేచీ లేదు, తుపాను మర్నాడు రేషను దుకాణంలోకి అడుగుపెట్టినవాడికి ఆ వాసన తెలుసు. కానీ వెన్న వాసన దోషమా? ఆ అంశం మీద పొరుగాయన భిన్నాభిప్రాయాన్ని నమోదు చేయించారు.

అందరం తలా రెండు గుక్కలు పుచ్చుకున్నాం. నేను కళ్లు మూసి, తెరిచి, దూరంగా కొబ్బరి మట్టల కేసి చూస్తూ, "డార్క్ చాక్లెట్. కాఫీ. కాల్చిన రొట్టె అంచు" అని ప్రకటించాను. నిజం చెప్పాలంటే ఆ మూడూ సీసా వెనక అచ్చువేసి ఉన్నాయి.

వెంటనే పొరుగాయన చెవులు నిక్కపొడుచుకున్నాయి. "చాక్లెట్ అన్నారు, ఇందులో కోకో ఎంత వేశారండీ?"

"వేయలేదండీ. మొలకెత్తిన బార్లీ, చేదుకు హాప్ పువ్వు, పులియడానికి ఈస్టు, నీళ్లు, అంతే" అన్నాడు గుమస్తా.

"కోకో వేయకుండా చాక్లెట్ అని ఎలా రాస్తారండీ? కల్తీ కేసు కాదూ ఇది?"

ఆయన బాధలో న్యాయం ఉంది. 2024 వేసవిలో ఎండు కోకో గింజ కిలో వెయ్యి రూపాయలు పలికింది. మరుసటి ఏడాదికి సగానికి పడిపోయి రైతులు రోడ్డెక్కారు. ఇక్కడ గింజ కొనే నాథుడు లేక ఏడుస్తుంటే, అక్కడ కోకో ఊసే లేకుండా బార్లీతో చాక్లెట్ వాసన పుట్టిస్తున్నారు! వాసనకు ఎన్ని మార్కులని అడిగితే ఆయన సిద్ధాంతరీత్యా సున్నా వేశారు. పోనీ, చాక్లెట్ వాసన ఉందా లేదా అన్నదైనా చెప్పమన్నాం. ఆయన కాస్త ఇబ్బందిపడ్డారు. "మేము గింజను ఆరేడు రోజులు పులియబెడతాం, ఎండబెడతాం, అమ్మేస్తాం. వేపేది కంపెనీవాళ్లు. వేపితే ఎలా ఉంటుందో నాకేం తెలుసండీ?" ఇరవై ఏళ్లుగా కోకో పండిస్తున్న మనిషి కోకో వేగిన వాసన ఎరగడు. ఎరిగినట్టు నటిస్తున్న నేను ప్రధాన న్యాయమూర్తిని.

అప్పుడు మా ఆవిడ బయటికి వచ్చింది. సీసాలు తన వంటింటి అలమరలోకి రాకూడదన్న ఒక్క షరతు మీద ఆవిడ ఈ న్యాయస్థానానికి అనుమతి ఇచ్చింది. తాగదు. హార్లిక్స్ సీసా నా చేతిలోంచి తీసుకుని, చేత్తో గాలిని ముక్కు వైపు విసురుకుంది.

"సున్నుండలకు మినుములు వేపుతుంటే, దించబోయే ముందు వచ్చే వాసన ఇది. ఇంకొక్క నిమిషం ఉంచితే కమురు పట్టేది. వేళకు దించారు."

సభ నిశ్శబ్దమైంది. ఆవిడ సీసా తిరిగి ఇస్తూ అడిగింది. "పొట్టు తీసి వేపారా? పొట్టుతో ఇంత నలుపు వచ్చేదాకా వేపితే చేదు గొంతులో పట్టుకుంటుంది. పట్టుకుందా?"

ముగ్గురం గొంతులు సవరించుకుని చూసుకున్నాం. పట్టుకోలేదు. మింగిన తరువాత నోరు శుభ్రంగా, ఇంకో గుక్కకు సిద్ధంగా ఉంది.

గుమస్తా ఫోను తీశాడు. గింజను నల్లగా వేపే పీపా యంత్రానికి ఇంగ్లండులో డేనియల్ వీలర్ అనే ఆయన 1817లో పేటెంటు తీసుకున్నాడు. అలా వేగిన బార్లీ పిడికెడు వేస్తే బీరు నల్లబడుతుంది, కానీ పొట్టు మాడితే వగరు, కటిక చేదు. అందుకే జర్మనీలో పొట్టు తీసి వేపిన గింజ ప్రత్యేకంగా చేస్తారు, ఈ నల్ల బీర్లకు దానినే వాడేవాళ్లు ఉన్నారు. అమెరికా జడ్జీల పుస్తకంలో ఈ రకానికి రాసిన లక్షణం కూడా అదే: వేపుడు వాసన పలచగా తగలాలి, మాడు రుచి ఎన్నడూ తగలకూడదు. మరి కోకో లేకుండా చాక్లెట్ ఎక్కడిదంటే, పిండిలోని చక్కెరలూ మాంసకృత్తుల ముక్కలూ వేడికి కలిసి చేసే గారడి. 1912లో లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దాన్ని వివరించాడు కనుక ఆయన పేరే పెట్టారు. మినుముల మూకుడులోనూ, దోసె అంచులోనూ, కోకో గింజలోనూ జరిగేది అదేనట. ఫోనులో ఇదంతా చదవడానికి గుమస్తాకు పది నిమిషాలు పట్టింది. మా ఆవిడ అప్పటికే లోపలికి వెళ్లిపోయింది, పొయ్యి మీద పులుసు ఉంది.

దీని మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాసనకు మనకున్నన్ని మాటలు ఎందరికున్నాయి? కమ్మన, కమురు, కనరు, నీచు, ముక్కిన వాసన, దోరవేపు, అడుగంటు, మాడు. దోరగా వేగినదానికీ అడుగంటినదానికీ మాడినదానికీ మధ్య గీతలు గీసుకున్న భాష ఇది. ఆ గీతల మీద నడవవలసిన బీరు ముందు కూర్చుని, జన్మలో రెండుసార్లు తిన్న డార్క్ చాక్లెట్‌ను తలచుకుని కళ్లు మూసుకునే నాలాంటివాడికి జడ్జీ పదవి ఇవ్వడం నేరం. సున్నుండ ఛాయ అని రాస్తే అమెరికావాడు మార్కులు కోస్తాడేమో, కోయనీ. చాక్లెట్ చెట్టు నీడన కూర్చుని చాక్లెట్ ఎరగని మనల్ని చాక్లెట్ అని రాయమనడంకంటే అది తక్కువ అబద్ధం.

మధ్యలో మా తోటకు వచ్చే కల్లుగీత పెద్దాయన మోకు భుజాన వేసుకుని అటుగా వెళుతూ ఆగాడు. ఇది లాగర్ జాతి బీరని, దీన్ని దాదాపు గడ్డకట్టే చల్లదనంలో వారాల తరబడి నిలవ ఉంచుతారని, లాగర్ అన్న మాటకు మూలం నిలవ చేయడమేనని గుమస్తా వివరించాడు. పొద్దున దించిన కల్లు సాయంత్రానికి పులిసి చేతులెత్తేసే వృత్తిలో ఉన్న ఆ పెద్దాయన జాలిగా చూసి, "వారాలు ఆగి తాగేవాళ్లకు దాహం ఉండదు బాబూ" అని వెళ్లిపోయాడు.

పొరుగాయన అసలు ప్రశ్నకు వచ్చారు. "ఎంత శాతం?" అయిదుకు అటూఇటూ అని తెలిసి నిట్టూర్చారు. పోయిన ఉత్సాహం తిరిగి వస్తుందని గుమస్తా జర్మనీ శుద్ధి చట్టం ఎత్తుకున్నాడు: 1516 ఏప్రిల్ 23న బవేరియా ప్రభువు నాలుగో విల్హెల్మ్ ఇంగోల్‌స్టాట్‌లో ఇచ్చిన ఆజ్ఞ, బీరులో బార్లీ, హాప్ పువ్వు, నీళ్లు తప్ప మరేమీ వేయరాదు. ఈస్టు ఊసు అందులో లేదు. లోకమంతా దీన్ని నాణ్యతకు వేదంలా కొలుస్తుంది. కానీ మొదటి వాక్యాలు చదివితే కనిపించేవి ధరలు: శీతాకాలంలో ఒక మాస్, అంటే సుమారు లీటరు, ఒక ఫెనిగ్ నాణెం దాటరాదు, వేసవిలో రెండు దాటరాదు. పొరుగాయన లేచి కూర్చున్నారు. "అంటే ఎమ్మార్పీ!" అన్నారు. అయిదు వందల ఏళ్ల కిందటే ఆ ప్రభువుకు బెల్టు షాపుల బెడద ఉండేదన్న నిర్ణయానికి వచ్చి, ఆయన మీది గౌరవంతో రుచికి 20కి 15 వేశారు. తాగిన బీరుతో ఆ మార్కులకు సంబంధం లేదు.

ఇక బావమరిది. అతడు అప్పటిదాకా రుచి గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మూడో సీసా సగమయ్యాక అడిగాడు. "నీళ్ల సంగతి ఏమిటి? ఆల్కలినిటీ, అదే, క్షారగుణం ఎంత?"

నేను నవ్వాను. గుమస్తా నవ్వలేదు. మ్యూనిక్ నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువని, ఆ నీళ్లకు లేత బీరు సరిగా కుదిరేది కాదని, నల్లగా వేగిన గింజలోని పులుపు ఆ క్షారానికి విరుగుడైందని, అక్కడ ముదురు బీర్లు పేరు తెచ్చుకోవడానికి అదొక కారణమని ఫోను చెప్పింది. "నేను అడిగింది అదే కదా" అన్నాడు బావమరిది. ఆల్కలినిటీ పడితే సున్నం చల్లుతాడు, పెరిగితే నీళ్లు మారుస్తాడు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి చెరువులో ఆక్సిజన్ చూస్తాడు. నీటిని ఇంతగా అనుమానించే మనిషి ఏ బీరు కంపెనీలోనైనా పెద్ద ఉద్యోగి కాదగినవాడు. మేము మాత్రం అతడిని ఐసు పెట్టె తెచ్చినవాడిగానే లెక్కగట్టాం.

పత్రంలో చివరి పది మార్కుల గడి మిగిలింది. మొత్తం మీద కలిగిన అభిప్రాయం, కింద రెండు గీతలు ఖాళీ. అది అతడికే వదిలేశాం. అతడు జేబులోంచి నీటి పులుపు కొలిచే పెన్నులాంటి పీహెచ్ మీటరు తీసి, హార్లిక్స్ సీసాలో మిగిలిన బీరులో ముంచి, అంకె నిలిచేదాకా ఓపికగా చూశాడు. కళ్లజోడు పెట్టుకుని ఇలా రాశాడు: "పీహెచ్ నాలుగున్నర. ఈ నీళ్లలో రొయ్య బతకదు. పదికి రెండు."