షుగర్ మాత్ర వేసుకుంటూ ఫారంలో ‘లేదు’ అని రాయకండి

“బీపీ, షుగర్ మాత్రలతో కంట్రోల్‌లో ఉంటే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారంలో రాయక్కర్లేదు” అని అమ్మానాన్నల్ని అమెరికా తీసుకెళ్ళేవాళ్ళకి ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఆ మాట నమ్మకండి. రోజూ మాత్ర వేసుకుంటున్నారంటేనే ఆ జబ్బు ఉన్నట్టు లెక్క. పాలసీకి ముందే డాక్టరు తేల్చిందీ, మందు రాసిందీ పాత జబ్బు కిందికే వస్తుంది.

అమెరికాలో ఎమర్జెన్సీకి వెళ్తే ముందు అడిగేదే ఏ మందులు వాడుతున్నారని. మెట్‌ఫార్మిన్ (షుగర్ మాత్ర), టెల్మిసార్టాన్ (బీపీ మాత్ర) అని చెప్పగానే కేస్‌షీటులోకి ఎక్కుతుంది. క్లెయిమ్‌తో పాటు ఆ కాగితమే కంపెనీకి చేరుతుంది. ఫారంలో ‘లేదు’ అని ఉంటే గుండెనొప్పి క్లెయిమ్ నిలబడటం చాలా కష్టం.

అమీర్‌పేటలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టికెట్‌తో పాటే పాలసీ చేయించుకునేవాళ్ళు మరీ జాగ్రత్త. ఆరోగ్యం ప్రశ్నలకు ఏజెంటు తనే ‘నో’ టిక్ పెట్టేసే ప్రమాదం ఉంది. ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం నింపే దరఖాస్తు) కాపీ అడిగి తీసుకుని, అమ్మానాన్నల ప్రిస్క్రిప్షన్ పక్కన పెట్టుకుని సరిచూడండి. స్టెంట్, థైరాయిడ్, పాత ఆపరేషన్లు, ఇంకా రిపోర్టు రాని పరీక్షలు కూడా చెప్పాలి. ప్రయాణానికి ముందు డాక్టరు మందు మారిస్తే కంపెనీకి మెయిల్ పెట్టండి.

రాసినంత మాత్రాన కవర్ అయిపోదు. చాలా పాలసీలు పాత జబ్బుకి ప్రాణాపాయంలోనే, అదీ ఒక పరిమితి వరకే ఇస్తాయి. కొనేముందు చూడాల్సింది ఆ అంకె, ప్రీమియం కాదు.

క్లెయిమ్ తిరస్కరిస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్ లక్డీకాపూల్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి వెళ్ళొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.