లడ్డూ కన్నా చవక

"దావూద్ ఇబ్రహీం ఆస్తుల వేలం" అని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, మా బాబాయి కుర్చీలోంచి సగం లేస్తాడు. "దొరికాడ్రా?" అంటాడు. దొరకలేదు బాబాయ్, ఆయన పొలం దొరికింది. "మరి డబ్బులు?" ప్రభుత్వానికే. "అయితే పర్లేదు" అని మళ్లీ కూర్చుని టీ అడుగుతాడు. ముప్పై ఏళ్ల పైబడి ఈ దేశం కూడా అచ్చం మా బాబాయిలాగే సగం లేస్తోంది, టీ తాగి కూర్చుంటోంది.

ఇంతకీ ముంబై పేలుళ్ల కేసులో పరారీలో ఉన్న ఆయన ఖరీదెంత? 2022లో జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ దావూద్ ఆచూకీ చెప్పినవాళ్లకి 25 లక్షలు ఇస్తామంది. అదే ఏడాది బాలాపూర్ వినాయకుడి లడ్డూ వేలంలో 24 లక్షల 60 వేలు పలికింది. అంటే దావూద్ 40 వేల తేడాతో గట్టెక్కాడు. దేశం పరువు నిలిచింది. కానీ మరుసటి ఏడాదే లడ్డూ 27 లక్షలకి పోయింది, 2025లో 35 లక్షలు దాటించి మరీ... కాదు, సరిగ్గా 35 లక్షలే, లెక్క లెక్కే. పైగా లడ్డూ నిమజ్జనం రోజు పొద్దున్నే ఠంచనుగా దొరుకుతుంది. 21 కిలోల బరువుండి కూడా ఎక్కడికీ పారిపోదు.

మనిషి ధర ఇలా ఉంటే ఆయన మట్టి ధర చూడండి. 2024 జనవరిలో రత్నగిరి జిల్లా ముంబకే గ్రామంలో ఆయన కుటుంబానిదైన ఒక చిన్న చెక్కని వేలానికి పెట్టారు. సర్కారు వారి పాట 15,440 రూపాయలు. ఢిల్లీ లాయరొకాయన 2 కోట్ల లక్ష దాకా పాడాడు. సర్వే నంబరు ఆ లాయరు జాతకానికి కుదిరిందట. దావూద్‌ని పట్టిస్తే పాతిక లక్షలు, ఆయన గట్టు మీద గడ్డికి రెండు కోట్లు. మన బుద్ధి పుట్టుకతోనే రియల్ ఎస్టేట్.

అన్నిటికన్నా నాకిష్టమైనది కారు కథ. 2015 డిసెంబరులో ముంబైలో దావూద్ పాత కారుని వేలం వేశారు. బుల్లెట్లు దిగని బెంజి అనుకునేరు, ఆకుపచ్చ హ్యుందాయ్ యాక్సెంట్. మన వీధి చివర పెళ్లిళ్లకి అద్దెకిచ్చే కారు ఉంటుందే, అదే. హిందూ మహాసభ స్వామి చక్రపాణి 32 వేలకి పాడుకున్నారు. పాడుకుని, ముంబై బండిని ఘాజియాబాద్ రప్పించి, కెమెరాల ముందు నిలబెట్టి, నిప్పంటించారు. నినాదాలు, పొగ. ఆ క్షణాన కరాచీలో ఏం జరిగి ఉంటుందో ఊహించుకుంటాను. దావూద్ సోఫాలో కూర్చుని మన చానల్ చూస్తున్నాడు. "అయ్యో, యాక్సెంట్!" అన్నాడు. పక్కనున్నవాడు గ్లాసెడు నీళ్లిచ్చాడు. "ఇన్సూరెన్స్ ఉందా భాయ్?" అన్నాడు. లేదు. ఆ దిగులుతో ఆ పూట బిర్యానీలో రెండో ముక్క ముట్టలేదు. అంతర్జాతీయ నేర సామ్రాజ్యం అలా వెన్ను విరిగి కూలింది. మిగిలింది ఘాజియాబాద్‌లో కాస్త బూడిద. దాన్నీ వేలానికి పెట్టకపోవడం మాత్రం పెద్ద పొరపాటు.

ఇక ఆచూకీ సంగతి. అదే 2015 మే నెలలో హోంశాఖ సహాయ మంత్రి లోక్‌సభలో "ఆయన ఎక్కడున్నాడో ఇంకా తెలియలేదు" అన్నారు. ఆరు రోజులు తిరక్కుండా హోంమంత్రి అదే సభలో లేచి "పాకిస్తాన్‌లోనే ఉన్నాడు, తెచ్చి తీరతాం" అన్నారు. ఆరు రోజుల్లో అంత దూరం దర్యాప్తు సాగడం రికార్డే. మనవాళ్లు ఐక్యరాజ్యసమితికి తొమ్మిది చిరునామాలిచ్చారు. 2016లో సమితి వాటిలో మూడు కొట్టేసింది. అందులో ఒకటి సమితిలో పాకిస్తాన్ రాయబారి ఇల్లు. పాకిస్తాన్ ఇంకో మెట్టు పైనుంది. 2020 ఆగస్టులో ఆంక్షల ఉత్తర్వులో దావూద్ కరాచీ చిరునామాలు తనే అచ్చేసింది. అచ్చేశాక, అది సమితి జాబితాకి నకలే, అంతమాత్రాన ఆయన మా దగ్గరున్నట్టు కాదంది. ఇల్లుంది, వీధుంది, ఆస్తుల మీద ఆంక్షలున్నాయి, మనిషి మాత్రం లేడు. అమెరికా 2003లో ఆయన్ని అంతర్జాతీయ ఉగ్రవాదన్నది, 2006లో మాదకద్రవ్యాల రవాణాలో పెద్ద తలకాయల జాబితాలో వేసింది. జాబితాలకి ఎక్కడా కొరత లేదు.

మనకెందుకీ గోల అంటారా? 2021 సెప్టెంబరులో గుజరాత్ ముంద్రా రేవులో 2,988 కిలోల హెరాయిన్ పట్టుబడింది. అఫ్గానిస్తాన్ నుంచి టాల్క్ రాళ్లన్న పేరుతో ఇరాన్ మీదుగా వచ్చింది. కాగితాల మీద దిగుమతిదారు చిరునామా మన విజయవాడ. ఇంకేం, ఇక్కడి పార్టీలు చాన్నాళ్లు ఒకళ్లనొకళ్లు తిట్టుకున్నాయి. ఆ తిట్లలో మూడు టన్నుల సరుకు పంపిన పెద్దమనుషుల పేర్లు ఎవరి నోటా రాలేదు.

ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. 1993 మార్చి 12న ముంబై వరుస బాంబు పేలుళ్లలో 257 మంది చచ్చిపోయారు. వాళ్ల పిల్లలకి ఈపాటికి పిల్లలు పుట్టి ఉంటారు. వాళ్లకి మనం చూపించింది కాలిన యాక్సెంట్. సిగ్గుండాలి.

మన చట్టానికి చేతులు లేవనుకుంటే పొరపాటు. సీలేరు, చింతపల్లి వైపు వెళ్లి చూడండి. ఆ మూట ఎవరిదో, ఏ ఊరు పోతుందో తెలియని గిరిజన కుర్రాడు కూలికి ఒప్పుకుని గంజాయి మూట ఎత్తుకుని రాత్రిపూట కొండ దిగుతాడు. సరుకు 20 కిలోలు దాటిందా, నేరం రుజువైతే కనీసం పదేళ్లు. బెయిలు కావాలంటే వీడు తప్పు చేయలేదని జడ్జికి ముందే నమ్మకం కుదరాలి. మూట కట్టినవాడు దొరకడు, డబ్బు పెట్టినవాడు దొరకడు, మోసినవాడు మాత్రం చెక్‌పోస్టు దగ్గర చెప్పులు లేకుండా నిలబడి ఉంటాడు. వాడి కోసం ఏ సమితికీ ఫైలు పంపనక్కర్లేదు.

విశాఖ సెంట్రల్ జైలు దగ్గర ములాఖత్ రోజు వాడి భార్య పిల్లని చంకనేసుకుని లైన్లో ఉంటుంది. ఆధార్ జిరాక్సు చేతిలో నలిగిపోయి ఉంటుంది. కానిస్టేబుల్ దాన్ని తీసుకుని రిజిస్టరుతో సరిచూస్తాడు. ఊరు, పంచాయతీ, మండలం, పిన్‌కోడ్, ఒక్క అక్షరం తేడా ఉండదు.