పసిమెదడు పరిశోధన అంగన్‌వాడీ దాకా రావాలి

పుట్టిన ఏడాదిలోపే బిడ్డ మెదడు దాదాపు రెట్టింపవుతుంది. ఆ ఎదుగుదలను కళ్లారా చూపించే యంత్రాలు వచ్చాయి. కానీ ఇప్పటిదాకా పోగైన స్కాన్లలో ఎక్కువ భాగం అమెరికా, యూరప్ పిల్లలవే. మన పిల్లల లెక్క మనమే తీసుకోవాలి, అది తిరుపతి నుంచే మొదలవ్వచ్చు.

ఎంఆర్ఐ అయితే కష్టం. పరిశోధన కోసం మత్తు ఇవ్వరు. పాలు పట్టి, గుడ్డలో చుట్టి, చెవులు మూసి, బిడ్డ నిద్రపోయాక తీస్తారు. మధ్యలో కదిలితే బొమ్మ పాడైపోతుంది. పైగా ఆరు నెలల వయసులో మెదడులోని తెల్ల, బూడిద పదార్థాలు స్కాన్‌లో ఇంచుమించు ఒకేలా కనిపిస్తాయి. పెద్దల కోసం తయారైన సాఫ్ట్‌వేర్ అక్కడ పనికిరాదు.

పల్లెలకు పనికొచ్చేది ఎఫ్‌నిర్స్ అనే కాంతి పరీక్ష. బిడ్డ అమ్మ ఒళ్లోనే ఉంటుంది, తలకు చిన్న టోపీ పెడతారు. అందులోంచి వెళ్లే పరారుణ కాంతి మెదడు పైపొరల్లో రక్తంలోని ఆక్సిజన్ ఎలా మారుతోందో పట్టుకుంటుంది. లోపలి భాగాలు దీనికి అందవు. ఒత్తయిన నల్లజుట్టు కూడా కాంతిని అడ్డుకుంటుంది. తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించుకొచ్చిన పిల్లలతో ఆ ఇబ్బంది ఉండదు!

ఇది మన దేశంలో జరగని పనేమీ కాదు. ఉత్తరప్రదేశ్‌లోని శివ్‌గఢ్‌లో నాలుగు నెలల నుంచి నాలుగేళ్ల పిల్లల దాకా ఇలాగే పరీక్షించి, 2019లో ఫలితాలు ప్రచురించారు. తల్లి చదువు, ఇంటి ఆదాయం తక్కువైన పిల్లల్లో, చూసినదాన్ని గుర్తుపెట్టుకునే మెదడు భాగాల స్పందన బలహీనంగా కనిపించింది. రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు పోయే కుప్పం వైపు కుటుంబాల పిల్లల్లో ఏం కనిపిస్తుంది? అడగాల్సిన ప్రశ్న ఇదే. తిరుపతిలో రుయా, ప్రసూతి, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి. ఏర్పేడు వైపు ఐఐటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ ఉన్నాయి. పిల్లల బరువు, ఎత్తు నెలనెలా రాసే అంగన్‌వాడీ టీచర్లు ఊరూరా ఉన్నారు. వీళ్లంతా కలిసి, అవే పిల్లల్ని పుట్టినప్పటి నుంచి మూడేళ్లు గమనిస్తే చాలు.

ఒక్క భయం మాత్రం ఉంది. ఈ ఫలితాలు వందల పిల్లల సగటు మీద తేలేవి. ఒక బిడ్డ స్కాన్ చూసి తెలివితేటలు చెప్పడం కుదరదు. వేలిముద్రలతో పిల్లల టాలెంట్ చెబుతామని తల్లిదండ్రుల దగ్గర డబ్బులు గుంజేవాళ్లు ఇప్పటికే ఉన్నారు, రేపు వాళ్ల చేతికి ఈ టోపీ కూడా వస్తుంది. అందుకే తల్లికి అర్థమయ్యేలా తెలుగులో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. ఎదుగుదలలో తేడా ఉందన్న అనుమానం వస్తే ఆ బిడ్డను ఏ డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రానికి) పంపాలో, బస్సు ఖర్చులు ఎవరు పెట్టుకోవాలో మొదటి టోపీ పెట్టకముందే తేల్చుకోవాలి.