ఎడమ పక్క గారికి పరారైన శిష్యుడి లేఖ

మహారాజశ్రీ రోడ్డు ఎడమ పక్క గారికి,

నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం, మా ఆవిడ క్షేమం, అద్దె జీపు కూడా ఎడమ అద్దం మీద ఒక గీత మినహా క్షేమం. ఆ గీత సంగతి కింద మనవి చేసుకుంటాను.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. గుంటూరులో డ్రైవింగ్ స్కూలు మారుతి బండిలో, గురువుగారి కాలు తన బ్రేకు మీద, నోరు నా చెవి మీద ఉండగా, "ఎడమ పట్టు బాబూ, ఎడమ పట్టు" అనే మంత్రంతో మీ దగ్గర దీక్ష తీసుకున్నవాణ్ణి. నిజం చెప్పాలంటే అక్కడ మీరు ఎక్కువగా పుస్తకంలోనే ఉండేవారు. రోడ్డు మీద మీ స్థానంలో అరటిపండ్ల బండి, ఆగి ఉన్న ఆటో, ఎవరో కట్టుకుంటున్న మేడ తాలూకు ఇసుక కుప్ప ఉండేవి. అయినా పేరుకు మీ మనిషినే. ఆ తరువాత డాలస్ చేరి పద్నాలుగేళ్లుగా కుడి పక్క వారి ఉప్పు తింటున్నాను.

అందుకే మొన్న సెలవులకు కరీబియన్ సముద్రంలో అమెరికా వారి వర్జిన్ దీవుల్లో ఒకటైన సెయింట్ థామస్‌కు వెళ్దామనుకున్నప్పుడు మా ఆవిడ ముందు మీసం మెలేశాను. అమెరికా జెండా ఎగిరే చోట్లన్నిటిలో బండ్లు ఎడమ పక్కన నడిచేది ఆ వర్జిన్ దీవుల్లోనే. "అమెరికాలో పుట్టినవాళ్లు భయపడాలి గానీ నాకేమిటి? సొంత ఊరికి వెళ్లినట్టే" అన్నాను.

అక్కడే మీరు దెబ్బ కొట్టారు. ఇంగ్లండ్‌లోనో న్యూజిలాండ్‌లోనో కారు అద్దెకు తీసుకుంటే స్టీరింగు కుడికి పోతుంది, కూర్చున్న క్షణంలోనే పరాయి చోటని ఒళ్లంతటికీ తెలుస్తుంది. మీ దీవిలో బండ్లన్నీ అమెరికా వాటమే. స్టీరింగు ఎడమ వైపే, ఇండికేటర్ మీట ఎడమ చేతి కిందే, కాఫీ కప్పు పెట్టుకునే గుంట కూడా ఎప్పటి చోటే. ఒక్క రోడ్డు మాత్రం తిరగబడింది. ఇల్లు అదే, సామాను అదే, వాస్తు పేరు చెప్పి రాత్రికి రాత్రి వాకిలిని దొడ్డి వైపుకు మార్చినట్టు.

తాళం ఇచ్చినావిడ ఒక్క మాటే చెప్పింది: నీ భుజం ఎప్పుడూ రోడ్డు అంచు వైపే ఉండాలి. డాష్‌బోర్డు మీద ఎడమ పక్కనే ఉండమని చీటీ అంటించి ఉంది. దాని మూల ఒకటి గోటితో గీకి ఉంది. నాకంటే ముందు ఎవరో ఆ చీటీతో వాదానికి దిగినట్టున్నారు.

విమానాశ్రయం దాటాక రెండో మలుపు. కుడికి తిరగాలి. డాలస్‌లో కుడి మలుపంటే అంచు పట్టుకుని జారిపోవడమే, చేతులు ఆ పనే చేశాయి. ఎదురుగా సఫారీ. అంటే ట్రక్కు వెనక బెంచీలు వేసి, పైన టాపు కప్పిన టాక్సీ. డ్రైవరు ఆగాడు. హారన్ కొట్టలేదు, తిట్టలేదు. కిటికీలోంచి చెయ్యి చాచి, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లవాడికి బెంచీ చూపించినట్టు, నా చోటు ఏదో వేలితో చూపించాడు. వెనక కూర్చున్న జనం తలలన్నీ ఆ వేలి వెంటే తిరిగాయి. తిట్టినా బాగుండేది. మా గుంటూరులో అయితే ఈపాటికి మా తాతగారి దాకా వెళ్లి ఉండేవారు.

ఆ మలుపు తరువాత స్టీరింగు నాది, చూపు మా ఆవిడది. స్కైలైన్ డ్రైవ్ కొండ రోడ్డు మీద నాకు కనిపించిందల్లా సిమెంటు కాలువ, గడ్డి, ఒక మేక. రోడ్డు మధ్యలో కూర్చున్నది ఆవిడ. ఎదురు బండ్లన్నీ ఆవిడ మోచేతి పక్కనుంచే పోతాయి. ముందున్న ట్రక్కును దాటాలంటే నాకు దాని వెనక తలుపు తప్ప ఏమీ కనిపించదు, ఆవిడ మెడ చాచి చూసి అనుమతి ఇవ్వాలి. నాలుగు రోజుల్లో మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ "ఇప్పుడు వద్దులెండి" అనే వచ్చింది.

కుడి, ఎడమ అనే మాటలు మొదటి గంటలోనే చెల్లని నాణేలైపోయాయి. ఆవిడ ఒకటంటే నా చెయ్యి ఇంకొకటి వినేది. దాంతో "మీ వైపు", "నా వైపు" అనే పద్ధతి పెట్టింది. మా సంసారంలో "మీ వైపు" అనే మాటకు అప్పటిదాకా ఒకటే అర్థం, మా అక్కలూ వాళ్ల పెట్టుపోతలూ. మలుపులో "మీ వైపు! మీ వైపు!" అని వినపడగానే అలవాటుగా నాకు పౌరుషం పొడుచుకొచ్చేది. జవాబు వెతుక్కునే లోపే మలుపు అయిపోయేది. ఆవిడ అరిచిన ప్రతిసారీ మిమ్మల్ని ఇంకో జానెడు కరుచుకున్నాను. ఆ భక్తి ముదిరిన చోటే ఒక రాతి గోడ అద్దాన్ని గీరింది. అద్దెవాళ్లు అడిగితే తమరు సాక్ష్యం చెప్పవద్దని ప్రార్థన.

ఒక అనుమానం. 1917 మార్చి 31న డెన్మార్క్ 2.5 కోట్ల డాలర్ల బంగారం తీసుకుని ఆ దీవులను అమెరికాకు అప్పగించింది. అమ్మినవాళ్ల దేశంలో కుడి పక్కే, కొన్నవాళ్ల దేశంలోనూ కుడి పక్కే. పొలం చేతులు మారినా పాత కౌలుదారులా మీరు మాత్రం గట్టు దిగలేదు. అదే స్వీడన్‌లో 1967 సెప్టెంబరు 3న తెల్లవారుజామున ఐదింటికి దేశమంతటా మిమ్మల్ని ఖాళీ చేయించారు. 2009లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ల నుంచి పాత కార్లు చవకగా తెచ్చుకోవచ్చని సమోవా వాళ్లు కుడిని వెళ్లగొట్టి మిమ్మల్ని పిలిపించుకున్నారు. మీ దాయాదుల తగాదా ఎప్పటికి తెగుతుందో గానీ, నేను మాత్రం రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

మూడో రోజు జీపును బండ్లు మోసే బార్జి పడవ ఎక్కించి పక్క దీవి సెయింట్ జాన్ వెళ్లాం. అక్కడ గాడిదలు యథేచ్ఛగా తిరుగుతాయి. ఒకటి వచ్చి రోడ్డుకు నడిమధ్యన నిలబడింది. కుడికి జరగదు, ఎడమకు జరగదు. అటూ ఇటూ బండ్లన్నీ ఆగిపోయాయి. ఎవరు ఏం చెయ్యాలో ఎవరికీ అనుమానం లేకుండా గడిచిన కాసేపు అదే.

డాలస్‌లో దిగేసరికి అర్ధరాత్రి. పార్కింగులోంచి సొంత కారు తీసి, గేటు దాటి, ధీమాగా తిరిగి సరాసరి మీ ఒళ్లోకే వచ్చాను. అదృష్టం, రోడ్డు ఖాళీ. మా ఆవిడ కళ్లు తెరవకుండానే అంది, "నా వైపు".

ఇట్లు,
మీ భూతపూర్వ శిష్యుడు

తా.క. సంక్రాంతికి గుంటూరు వస్తున్నాం. మా బావమరిది తన కారు తాళాలు ఇస్తానన్నాడు. వెనక సీటులో కూర్చుంటానని చెప్పాను. మధ్యలో.