నూటికి నూరు చూపెట్టే పచ్చ సున్నా గారికి

వెబ్ పేజీని కండ్లు కనబడనోళ్లు, మౌసు పట్టలేనోళ్లు గూడ వాడొచ్చా (ఆక్సెసిబిలిటీ) అని మార్కులేసే ఆటోమేటిక్ టెస్టు మీద మెరిసే పచ్చ సున్నా గారూ,

నల్లగొండ, పాలమూరు నుంచి దండాలు. మీరు వంద చూపెట్టంగనే పేజీ చేసినాయన బిల్లు పెడతడు, చేయించినాయన సంతకం గీకుతడు. కండ్లు కనబడనోళ్లకు ఆ పేజీ పలికిందా అని అడిగేటోడు ఉండడు. వంద వచ్చింది గద!

బత్తాయి రేట్ల పేజీ ఒకటి అనుకోండి. రేట్ల పట్టికను ఫొటో తీసి అతికిస్తరు. ఫొటోల ఏమున్నదో చెప్పే రాత, అదే ఆల్ట్ టెక్స్ట్, ఉన్నదా? ఉన్నది. ఏమున్నది? 'ఫొటో' అనే ముక్క. మీరు పాస్ అంటరు. తెర మీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ 'ఫొటో' అని ఊకుంటది, టన్ను ధర కోసం రైతు పక్కింటోళ్లను అడుక్కోవాలె.

పేజీ ఏ భాషదో చెప్పే 'లాంగ్' గుర్తు సంగతి ఇంకా రంజు. పేజీ నిండ తెలుగే, పేజీ కోడు మొదట ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్‌ల మాత్రం భాష 'ఈఎన్' (ఇంగ్లీషు) అని ఉంటది. అది చెల్లే కోడే గనుక మీకు అభ్యంతరం లేదు. ఇంగ్లీషు గొంతు తెలుగు అక్షరాల మీద తడబడతది, కొన్ని గొంతులైతే నోరే తెరువవు. 'టీఈ' (తెలుగు) అని రెండక్షరాలు మారిస్తే అయిపోయే పని ఇది.

రంగుల కాడ మాత్రం మీరు కంసాలి త్రాసే. మామూలు అక్షరానికి, దాని వెనుక రంగుకు నడుమ వెలుగు తేడా (కాంట్రాస్ట్) 4.5:1 ఉండాలె. తెల్లటి మీద 777777 నంబరు బూడిద రంగుకు 4.48, ఫెయిల్. 767676కు 4.54, పాస్. ఇంత సన్న తేడా మా కండ్లకు దొరకదు, ఒప్పుకుంటం. కాని లైన్ల నడుమ ఎడం తక్కువైతే పై లైను వత్తు కింది లైను గుడికి గుద్దుకుంటది. 'రాష్ట్రం' కింద వత్తులు 12 పిక్సెళ్ల సైజుల ముద్దయితయి. దానికి మీ దగ్గర తూకంరాళ్లు లేవు.

ఇగ కీబోర్డు. బటన్ ట్యాగ్ బదులు డివ్ అనే ఉత్త డబ్బా ట్యాగ్‌కు క్లిక్ తగిలిస్తే ట్యాబ్ కీ దాన్ని దాటేసి పోతది. పేజీ సోకులు చూసే సీఎస్ఎస్‌ల, ఎంచుకున్న డబ్బా చుట్టూ వచ్చే గీత (అవుట్‌లైన్) తీసేస్తే ఏ డబ్బా మీదున్నమో తెలువది. మండలం ఎంచుకునే పాపప్‌ను మీరు తెరువనే తెరువరు, పేజీ తెరుచుకున్నప్పుడు ఏమున్నదో అదే చూస్తరు. 'మనుషులు చూడాల్సినవి' అని అడుగున మడతపెట్టిన జాబితా గూడ మీదే. దానికి మార్కుల్లేవు, అందుకే దాన్ని విప్పేటోళ్లూ లేరు.

మా అర్జీ ఇంతే. మీ వంద వచ్చినంక మౌసు పీకేసి, ట్యాబ్, షిఫ్ట్‌ట్యాబ్, ఎంటర్, ఎస్కేప్‌లతోనే ఫారం నింపుమనండి. జూమ్ 400 శాతం పెట్టి, పక్కకు జరుపకుండ చదవొస్తదో చూడుమనండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌కు పైస ఖర్చు లేదు, ఎక్కించి మానిటర్ బంజెయ్యుమనండి. 'మీ దరఖాస్తు అందింది' అన్న మాట చెవిన పడ్డంకనే బిల్లు ముట్టనియ్యండి.

ఇట్లు,
మౌసును సంచిల పెట్టినోళ్లు