సభ్యుడికి ఓటేది? లెక్కేది?

వ్యవసాయ పరపతి సంఘంలో అప్పు తీసుకునే రైతు ఆ సంఘానికి యజమాని కూడా. అప్పు చేతికిచ్చేటప్పుడే వాటాధనం మినహాయించుకుంటారు. వాటా ఎంతున్నా మనిషికి ఒకే ఓటు. ఆ ఓటు వేసే రోజే రాకపోతే ఆయన యజమాని ఎలా అవుతాడు? ఆంధ్రప్రదేశ్‌లో 2013లో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2018లో తీరిపోయింది. ముందు పొడిగింపులు, ఆపైన ఏళ్ల తరబడి ప్రభుత్వం నియమించే పర్సన్ ఇన్‌ఛార్జి కమిటీలు. ప్రభుత్వం మారితే కమిటీలో పేర్లు మారాయి. సభ్యుడిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇలా జరగకూడదనే 2011లో పార్లమెంటు 97వ రాజ్యాంగ సవరణ చేసింది. సహకార సంఘం పెట్టుకోవడాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. గడువు ముగిసేలోపే ఎన్నికలు జరపాలంది. పాలకవర్గాన్ని పక్కనపెట్టినా మామూలు సంఘాల్లో ఆరు నెలలు దాటకూడదంది. లెక్కల పుస్తకాలు చూసే హక్కును సభ్యుడికి కల్పించమని రాష్ట్రాలకు చెప్పింది. అయితే సహకారం రాష్ట్ర జాబితాలోని అంశం. సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం తీసుకోనందున రాష్ట్రాల పరిధిలోని సంఘాలకు ఈ నిబంధనలు వర్తించవని 2021 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు సబబే. కానీ ఈ రక్షణలను రాష్ట్రాలు తమ చట్టాల్లో పకడ్బందీగా రాసుకుని అమలుచేయడానికి అడ్డేమిటి? ఒకటికి మించి రాష్ట్రాల్లో పనిచేసే బహుళ రాష్ట్ర సంఘాలకు 2023లో ఎన్నికల అథారిటీ, సభ్యుల ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్, సమాచార అధికారి వచ్చారు. ఊళ్లో సొసైటీ సభ్యుడు అంతకన్నా తక్కువవాడా?

లెక్కల సంగతి మరీ అన్యాయం. మహాజన సభ రోజున రిజిస్టర్ చేతికిచ్చి సంతకం పెట్టమంటారు. ఆడిట్ నివేదిక గబగబా చదివేసి ఆమోదం అంటారు. తన పేరున ఎంత అప్పు రాశారో చూపమని అడిగిన రైతుకు సెక్రటరీ లేడు, రేపు రమ్మన్న జవాబే దిక్కు. సొసైటీలు సాధారణంగా సమాచార హక్కు చట్టం కిందికి రావని 2013లో సుప్రీంకోర్టు చెప్పినా, సంఘాలపై పర్యవేక్షణ ఉండే సహకార శాఖ రిజిస్ట్రార్ చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని ఆయన ద్వారా అడగొచ్చని కూడా చెప్పింది. ఈ దారి ఉందని ఎంతమంది సభ్యులకు తెలుసు?

నియంత్రణ వద్దని మేము అనడం లేదు. డిపాజిటర్ల సొమ్ము మింగిన సంఘాలను చూశాం. రాష్ట్ర సహకార సంఘాల 1964 చట్టంలో విచారణకు, తనిఖీకి, నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టడానికి రిజిస్ట్రార్‌కు అధికారాలు ఉన్నాయి. వాటిని గట్టిగా వాడాలి. డబ్బు తిన్నవాడిని వదిలేసి సభ్యులందరి ఓటును ఆపేయడం ఏ రకం దిద్దుబాటు? ప్రభుత్వ వాటాధనం, పెత్తనం లేకుండా సంఘాలు నడుపుకునేలా 1995లోనే పరస్పర సహాయక సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం తెచ్చిన నేల ఇది.

ఎన్నికల షెడ్యూలు ప్రభుత్వ జీవో కోసం కాచుకోకూడదు. గడువుకు మూడు నెలల ముందే రాష్ట్ర సహకార ఎన్నికల అథారిటీ తనంతట తాను నోటిఫికేషన్ ఇచ్చేలా చట్టం సవరించాలి. ప్రతి సభ్యుడి అప్పు, వాటా, జమ వివరాలు ఏటా రాతపూర్వకంగా ఇంటికి చేరాలి. వచ్చే శాసనసభ సమావేశాల్లోనే ఈ సవరణ బిల్లు పెట్టాలి.