తాబేళ్ల సహకారం కొరవడింది

వన్యప్రాణులు తగ్గిపోతున్నాయని సర్కారును ఆడిపోసుకోవడం విశాఖలో కొందరికి అలవాటైపోయింది. నిజానికి సర్కారు వైపు నుంచి లోటేమీ లేదు. లోపమంతా ప్రాణులదే.

ఆలివ్ రిడ్లే తాబేళ్లనే తీసుకోండి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టంలో పులి పక్కనే, మొదటి షెడ్యూల్లో చోటిచ్చాం. అవి ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టిపోతే, కుక్కల పాలు కాకుండా అటవీశాఖ వాళ్లు ఏరి, హేచరీలో పాతిపెట్టి, 45 నుంచి 60 రోజులు కాపలా కాస్తారు. కన్నతల్లి వెనక్కి తిరిగైనా చూడదు. ఇంత చేస్తే, పిల్లలకు సముద్రం ఎటుందో తెలియదు! రాత్రిపూట వెలుతురు ఎటుంటే అటే సముద్రమనుకుంటాయి. వాటి తాతల కాలంలో ఆ లెక్క సరిపోయేది. ఇప్పుడు బీచ్ రోడ్డు నిండా లైట్లు, హోటళ్ల బోర్డులు. ఇంత అభివృద్ధిని పట్టించుకోకుండా ఇసుకలోంచి లేచి తిన్నగా రోడ్డెక్కితే తప్పెవరిది? లైట్లు ఆర్పమంటారు కొందరు. ఆర్పితే టూరిస్టు రాడు. తాబేలు వచ్చి రూము తీసుకుంటుందా?

పెద్ద తాబేళ్లదీ ఇదే వరస. మరబోట్ల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులని స్పష్టంగా చెప్పాం. ఇవేమో జనవరి, ఫిబ్రవరిల్లోనే వచ్చి, ట్రాలర్ వలల్లో ఊపిరాడక చనిపోయి జోడుగుళ్లపాలెం ఒడ్డుకు కొట్టుకొస్తాయి. రెండు నెలలు ఆగలేవా? తాబేలు తప్పించుకునేలా వలకు బిగించే పరికరం ఉన్నమాట నిజమే. అదే కంతలోంచి రొయ్యా జారిపోతుందని బోటువాళ్ల టెన్షన్. (డీజిలు ఖర్చు చూస్తే ఆ బాధ అబద్ధం కాదు.)

విశాఖ పక్కనున్న కంబాలకొండలో సుమారు 70 చదరపు కిలోమీటర్లు 2002లోనే అభయారణ్యంగా రాసిచ్చాం. అయినా కొండచిలువలు కాలనీల్లోకి వస్తూనే ఉన్నాయి. కాలనీలే కొండ దాకా వెళ్లాయంటారు కానీ, వాటికి ప్లాన్ అప్రూవల్ ఉంది, కొండచిలువకు లేదు. రుషికొండ సంగతి సరేసరి: తవ్విన చోట ఆకుపచ్చ మ్యాట్ పరిచారు. నీళ్లు పోయనక్కర్లేని పచ్చదనం.

పైగా జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థకూ ఒక కమిటీ, ఒక రిజిస్టరు ఉండాలి. రిజిస్టరులో పేరున్నంత కాలం ఏ జాతీ అంతరించినట్టు కాదు.

అయినా తాబేలు పిల్లల మీద జాలితో ఒక సూచన. బీచ్‌లో లైట్లు ఆర్పొద్దు. సముద్రంలోనే ఇంకా పెద్దవి వేయించండి, పిల్లలు అటే పోతాయి. ఆర్పడానికి టెండరు ఉండదు, వేయడానికైతే ఉంటుంది.